చెక్క తెరచాప పడవకు కట్టు మోకులు మార్చే పని

తెరచాపను ఎత్తి దించే తాళ్ళు రోజూ చేతిలో మెదులుతాయి కాబట్టి అవి అరిగితే వెంటనే తెలుస్తుంది. స్తంభాన్ని నిలబెట్టే కట్టు మోకుల జోలికి ఎవరూ పోరు. మా పడవ పొడవు 9 మీటర్లు, స్తంభం ఒక్కటే. ఒక్కో పక్క రెండేసి మోకులు, ముందుకు ఒకటి. వీటిని ఇప్పటికి రెండుసార్లు మార్చాను.

ఈ మోకులు ఉక్కు తీగవి. తడి తగలకుండా వాటిపై తారు గుడ్డ, దానిపై తాడు చుట్టి ఉంటాయి. ముందు ఆ పాత చుట్టు విప్పి చూడండి. మేము విప్పినప్పుడు పై భాగంలో తారు ఇంకా మెత్తగా ఉంది, దాని కింద తీగ కొత్తదానిలా మెరుస్తోంది. కిందికి, డెడ్‌ఐ దగ్గరికి వచ్చేసరికి గుడ్డ తడిగా చేతికొచ్చింది, దానితోపాటు ఎర్రటి పొడి రాలింది. బయటి నుంచి చూస్తే రెండు చోట్లా ఒకటే నలుపు. డెడ్‌ఐ అంటే మూడు రంధ్రాల గుండ్రటి కొయ్యబిళ్ళ. మోకు కొసన ఒకటి, పడవ అంచున మరొకటి ఉంటాయి. రెంటి మధ్య తాడు వేసి బిగిస్తారు.

తీగ విషయంలో నాది జింకు పూత ఉక్కు పక్షం. స్టెయిన్‌లెస్ స్టీలు అందంగానే ఉంటుంది, కానీ గాలి తగలని మూలల్లో లోలోపల తినేసుకుపోయి చెప్పకుండా తెగే అవకాశం ఉంది. పైగా చుట్టు వేసి మూసేస్తే దానికి గాలి అసలే అందదు. జింకు పూతదైతే ముందు తుప్పు కన్నీరు కారుస్తుంది. మాది 8 మిల్లీమీటర్ల మందం. ఏడు పేటలు, పేటకు ఏడు తీగలు. పంతొమ్మిది తీగలను ఒకే పురిగా పేనిన రకం బాగా బిరుసు, చేత్తో అల్లడం నరకం.

‘ఒక్కొక్క మోకే విప్పి మార్చుకోండి, స్తంభం దించక్కర్లేదు’ అనే సలహా తరచూ వినిపిస్తుంది. మోకులను స్తంభానికి బిగించిన ఇనుప పట్టీలకు తగిలించిన పడవలకు అది సరే. మా పడవలో మాత్రం మోకుల ఉచ్చులు స్తంభం తలమీద ఒకదానిపై ఒకటి దొంతరగా కూర్చుంటాయి. అడుగున కుడి పక్క జంట, దానిపై ఎడమ జంట, అన్నిటికన్నా పైన ముందు మోకు. అడుగుది తీయాలంటే పైవన్నీ తీయాలి. అందుకని క్రేనుతో స్తంభం దించి, బల్లల మీద పడుకోబెట్టి చేశాం. దించేముందు ఏది ఏ వరుసలో ఉందో ఫొటో తీసుకోండి. స్తంభం కింద ఉన్నప్పుడే ఉచ్చులు కూర్చునే చెక్క దిండ్లకు కొత్త తోలు వేయండి.

కొలత దగ్గర మొదటిసారి బోల్తా పడ్డాను. పాత మోకును నేల మీద పరిచి, దాని వంకర వెంటే టేపు పెట్టాను. స్తంభం నిలబెట్టి బిగించబోతే పై బిళ్ళ వచ్చి కింది బిళ్ళను ఆనుకుంది. “అక్కా, ఇవి ముద్దు పెట్టుకుంటున్నాయి” అన్నాడు మా తమ్ముడు. ఇక బిగించడానికి చోటెక్కడిది? రెండోసారి మోకును రెండు గుంజల మధ్య కప్పీతో లాగి బిగువు మీద కొలిచాను. కింది కొసలను మాత్రం క్లాంపులతో తాత్కాలికంగా పట్టి, స్తంభం నిలబడ్డాక బిళ్ళల మధ్య జానెడుకు పైగా చోటు చూసుకుని, ఒక్కొక్కటిగా అల్లాను. అంతసేపూ తెరచాప ఎత్తే తాళ్ళను నాలుగు దిక్కులా కట్టి స్తంభానికి ఆసరా ఇవ్వాలి.

అల్లేటప్పుడు కళ్ళద్దాలు తప్పనిసరి. విదిల్చిన తీగ కొస ఎటు పోతుందో దానికే తెలియదు. కొసను ఉచ్చుగా మడిచి, దబ్బనంతో మోకు పేటల మధ్య సందు చేసి, విప్పిన కొస పేటలను ఐదు దఫాలు దూర్చండి. చివరి రెండింటిలో తీగలు తగ్గిస్తూ పోతే అల్లిక తోకలా సన్నబడుతుంది, పై చుట్టు గుట్టలా లేవదు.

ఇక నాకు ఇష్టమైన పని, చుట్టడం. తీగకు అవిసె నూనె, స్టాక్‌హోం తారు (పైన్ చెక్క నుంచి తీసే తారు) కలిపి పట్టించి, పేటల మధ్య గాళ్ళలో సన్నటి తాడు పూడ్చండి. దానిపై తారులో తడిపిన గుడ్డ పట్టీ కింది నుంచి పైకి చుట్టాలి. అప్పుడు పై మడత కింది మడత మీదికి వచ్చి, ఇంటికప్పు పెంకుల్లాగా నీటిని జార్చేస్తుంది. మాకు ఎర్రపొడి రాలిన చోట పాత గుడ్డ పైనుంచి కిందికి చుట్టి ఉంది, ప్రతి మడతా ఒక దొన్నె అయింది. చివరగా తారు తాడును గాడి ఉన్న కొయ్యసుత్తితో బిగించి చుట్టండి. గుర్తుకు: పూడ్పూ గుడ్డా పురి వెంట, పై తాడు పురికి ఎదురు. గంటకు చేసింది చూసుకుంటే మూరెడు కూడా ఉండదు. తొందరపడితే వదులవుతుంది.

పడవ అంచున కింది బిళ్ళను పట్టుకునే ఇనుప పట్టీల బోల్టులు కనీసం ఒక్కటైనా ఊడదీసి చూడండి. మేము తీసిన బోల్టు తల దగ్గర 12 మిల్లీమీటర్లు, పలకల సందులో నడుము దగ్గర తుప్పు తిని అందులో సగమే మిగిలింది.

బిళ్ళల మధ్య తాడుకు పశువుల కొవ్వు రాసి, ఎడమా కుడీ కొంచెం కొంచెంగా బిగించండి. స్తంభం మొదట్లో కన్ను ఆనించి పైకి చూస్తే వంపు ఎటుందో తెలుస్తుంది. ఫిడేలు తీగలా మోగేంత బిగించకండి. చెక్క పడవ శరీరం అంత ఒత్తిడి ఓర్చుకోలేదు, పలకల సందుల్లోంచి నీరు ఊరుతుంది. మంచి గాలిలో వెళ్ళేటప్పుడు గాలి చాటు పక్క మోకులు కాస్త వదులుగా ఊగితే కంగారు పడనక్కర్లేదు.

కొత్త తీగ మొదటి ప్రయాణాల్లో సాగుతుంది. మేము రెండో ప్రయాణం తర్వాత ఒకసారి, ఐదో ప్రయాణం తర్వాత మరోసారి బిగించాం. అప్పటిదాకా బిళ్ళల మధ్య తాడు కొసలు కోయకుండా ఉంచండి.