కంప్యూటర్‌కి వాటర్ కూలింగ్ కేస్ సొంతంగా కట్టేముందు

చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కి బయల్దేరే ముందే రేడియేటర్ (నీళ్ల వేడిని గాలిలోకి వదిలేది) ఏ లోహమో కనుక్కోండి. వాటర్ బ్లాక్ (ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడిని నీళ్లలోకి లాగేది) రాగిదైతే రేడియేటర్ కూడా రాగిదో, ఇత్తడిదో అయ్యుండాలి. చవగ్గా వస్తోందని అల్యూమినియం కలిపితే లోపల తుప్పు తినేస్తుంది. చెన్నై మే నెలలో గదిలో 35 డిగ్రీలుంటే నీళ్లు అంతకన్నా చల్లబడవు కాబట్టి రేడియేటర్ ఒక సైజు పెద్దదే తీసుకోండి.

కేస్ షీటుకు రంధ్రాలు వేసేటప్పుడు మదర్‌బోర్డు ఆ గదిలోనే ఉండొద్దు. ఇనుప రజను కంటికి కనబడదు, షార్ట్ మాత్రం చేస్తుంది. 120 ఎంఎం ఫ్యాన్ స్క్రూ రంధ్రాల మధ్య దూరం 105 ఎంఎం. ముందు అట్ట మీద గీసి, ఫ్యాన్ ఆనించి చూశాకే డ్రిల్ పట్టండి. కళ్లజోడు తప్పనిసరి. స్క్రూ పొడవు ఎక్కువైతే రేడియేటర్‌కే చిల్లు.

బోరు నీళ్లు, క్యాన్ నీళ్లు వద్దు. డిస్టిల్డ్ వాటర్, నాచు పట్టకుండా బయోసైడ్.

అసలు టెన్షన్ లీక్ టెస్ట్ దగ్గరే. పంపుకి తప్ప దేనికీ కరెంటు ఇవ్వకండి. రిజర్వాయర్ (నీళ్ల ట్యాంకు) పంపుకన్నా పైన ఉండాలి, నీళ్లు లేకుండా పంపు తిప్పితే పాడవుతుంది. ప్రతి ఫిట్టింగ్ (పైపు బిగించే చోటు) కింద టిష్యూ పరిచి, వీలైతే రాత్రంతా నడవనివ్వండి. చిన్న తడి మరక కనిపించినా ఆపేసి, ఫిట్టింగ్ విప్పి, లోపలి ఓ-రింగ్ (రబ్బరు రింగు) నలిగిందేమో చూడండి. స్పానర్‌తో ఇంకాస్త బిగిద్దాం అనుకుంటే యాక్రిలిక్ ప్లాస్టిక్ చిట్లుతుంది.