అక్కి తగ్గాక ముఖంలో మిగిలే నొప్పికి టెన్స్ యంత్రాన్ని ఎలా వాడాలి?

అక్కి పొక్కులు ఎండి, పెచ్చులు రాలి, చర్మం మామూలుగా కనిపిస్తున్నా కొందరికి నుదుట, కనుబొమ మీద, తలలో ఒక పక్కన మంటా, కరెంటు కొట్టినట్టుండే పోటూ నెలల తరబడి నిలిచిపోతాయి. ఫ్యాను గాలి తగిలినా, దువ్వెన ఆనినా, బొట్టు పెట్టుకోబోయినా ప్రాణం విలవిలలాడుతుంది. పైకి ఏమీ కనిపించదు గనుక ఇంట్లోవాళ్లు కూడా నమ్మరు, అది మరో బాధ. ఎప్పుడో ఆటలమ్మ తెచ్చిన వైరస్సే ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నాడి మూలంలో దాగి ఉండి, వయసు మళ్లాకనో, రోగనిరోధక శక్తి తగ్గినప్పుడో మళ్లీ లేచి ఆ నాడిని దెబ్బతీస్తుంది.

దెబ్బ తగిలిన చోటును చేత్తో రుద్దుకుంటే నొప్పి కాస్త సర్దుకోవడం అందరికీ తెలిసిందే. స్పర్శను మోసే నరాలు చురుగ్గా ఉంటే వెన్నుపాములో నొప్పి సంకేతాలకు దారి మూసుకుపోతుందని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. వాల్, స్వీట్ అనే నరాల శస్త్రవైద్యుడు కలిసి 1967లో తమ సొంత ముఖాల్లోనే, కంటి కింది నాడికి స్వల్ప విద్యుత్తు ఇచ్చి దీన్ని పరీక్షించుకున్నారు. చర్మం మీద అంటించే ప్యాడ్ల ద్వారా స్వల్ప విద్యుత్తు పంపే టెన్స్ యంత్రం చేసేదీ ఆ పనే.

ముందుగా ఈ నొప్పి అక్కి వల్ల వచ్చినదేనని నరాల వైద్యుడి చేత నిర్ధారించుకోండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు, మూర్ఛవ్యాధి ఉన్నవారు, ముఖంలో క్యాన్సర్ ఉన్నవారు దీన్ని వాడకూడదు. పొక్కులు ఇంకా పచ్చిగా ఉంటే ఆగండి. గబాపెంటిన్, ప్రీగాబలిన్, అమిట్రిప్టిలిన్ వంటి నరాల నొప్పి మందులకు ఇది తోడు మాత్రమే, వాటిని మీ అంతట మీరు మానేయకండి. ఇళ్లలో వాడే యంత్రాలు చాలావాటి పుస్తకాల్లో తల మీద, ముఖం మీద పెట్టవద్దని రాసి ఉంటుంది కాబట్టి మొదటి కొన్నిసార్లు తప్పనిసరిగా ఫిజియోథెరపిస్టు దగ్గరే చేయించుకుని, వారు సరేనన్నాకే ఇంట్లో మొదలుపెట్టాలి.

అన్నిటికన్నా ఓపిక కావలసింది ప్యాడ్ల చోటు నిర్ణయించడానికే. నూనె, పౌడరు, క్రీము లేకుండా ముఖం కడిగి, అద్ది ఆరబెట్టాలి. తర్వాత చిన్న దూది పింజతో చెంప నుంచి పైకి మెల్లగా తాకుతూ వెళ్లి, మామూలు స్పర్శ ఆగి మంట మొదలైన చోట ‘ఆపు’ అనమని రోగికి చెప్పండి. అక్కడ కాటుక పెన్సిలుతో చుక్క పెట్టండి. ఇలా నాలుగైదు వైపుల నుంచి వస్తే మంట ఉన్న మేర ఒక గీతలా తేలుతుంది. ఆ గీత లోపల ప్యాడ్ అంటించకూడదు. స్పర్శ పూర్తిగా పోయిన చోట కూడా వద్దు, కాలినా తెలియదు. కనుబొమ ఎముక అంచును తడిమితే ముక్కు వైపు కొస నుంచి కాస్త బయటికి జరిగితే చిన్న నొక్కు తగులుతుంది. నుదుటి నాడి అక్కడి నుంచే పైకెక్కుతుంది. ఆ నొక్కు గీతకు బయట ఉంటే ఒక చిన్న ప్యాడ్‌కు అది మంచి చోటు, లోపల పడితే పట్టుదల వద్దు, గీతకు బయట దాని అంచునే పెట్టండి. రెండు ప్యాడ్లూ ముఖానికి ఒకే పక్కన, ఒకదానికొకటి తగలకుండా ఉండాలి. తలకు చెరో పక్కన, కంటి మీద, గొంతు ముందు భాగాన ఎన్నడూ పెట్టకూడదు.

ప్యాడ్లు అంటించేటప్పుడు యంత్రం ఆపి ఉండాలి. సెకనుకు 80 నుంచి 100 స్పందనలు, ఒక్కో స్పందన 50 నుంచి 100 మైక్రోసెకన్లు ఉండేలా అమర్చి, కరెంటును సున్నా నుంచి కొద్దికొద్దిగా పెంచండి. చీమలు పాకినట్టు స్పష్టంగా తెలియాలి గానీ నొప్పి పుట్టకూడదు. కనురెప్ప అదిరినా, దవడ బిగుసుకున్నా వెంటనే తగ్గించాలి. మొదటిరోజు 15 నిమిషాలు చాలు, తర్వాత 30 నిమిషాల దాకా, రోజుకు రెండు మూడు సార్లు చేయవచ్చు. పెట్టుకుని నిద్రపోకండి. తీశాక చర్మం కాస్త ఎర్రబడడం సహజమే, కానీ బొబ్బ లేచినా, తల తిరిగినా, కన్ను ఎర్రబడినా, చూపు మసకబారినా ఆపేసి వైద్యుడిని కలవాలి.

ఇది అందరికీ పనిచేస్తుందని నేను చెప్పను. నరాల నొప్పి మీద జరిగిన టెన్స్ పరిశోధనల నాణ్యత చాలా తక్కువగా ఉన్నందున గట్టిగా తేల్చలేమని వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష 2017లో పేర్కొంది. అందుకే నోటు పుస్తకంలో ప్రతిసారీ ముందూ తర్వాతా నొప్పికి సున్నా నుంచి 10 లోపు మార్కులు వేయండి, ఉపశమనం ఎన్ని గంటలు నిలిచిందో, ఆ రాత్రి నిద్ర పట్టిందో లేదో కూడా రాయండి. మూడు వారాలైనా మార్పు లేకపోతే ఆ పుస్తకం పట్టుకుని నొప్పి నివారణ వైద్యుడి దగ్గరకు వెళ్లండి. చర్మం కింద, నాడి పక్కన సన్నని తీగ ఉంచి విద్యుత్తు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. అందులోనూ ముందు కొన్ని రోజులు తాత్కాలిక తీగతో పరీక్షించి, నొప్పి తగినంత తగ్గిందని తేలాకే శాశ్వత పరికరం అమరుస్తారు.