ఎండపనికి నీళ్లొక్కటే చాలవు: ఓఆర్ఎస్ కలిపే లెక్క

ఏప్రిల్ ఎండలో వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీకైనా, ములుగు అడవిలో తునికాకు తెంపే మనిషికైనా గంటకు లీటరు దాకా చెమట కారొచ్చు. దాంతోపాటు ఒంట్లోని ఉప్పూ పోతుంది. ఉప్పులో ఉండే సోడియం రక్తంలో లీటరుకు 135 నుంచి 145 మిల్లీ ఈక్వివలెంట్ల (రక్త పరీక్షలో వాడే కొలత) మధ్య ఉండాలి. ఉత్త నీళ్లే చెంబులకు చెంబులు తాగితే అది పలచబడి తలనొప్పి, వికారం మొదలవుతాయి, ముదిరితే ఫిట్స్ వస్తాయి. వడదెబ్బే అనుకుని ఇంకిన్ని నీళ్లు తాగిస్తారు, అక్కడే ప్రమాదం.

అందుకే ఉప్పు, చక్కెర కలిసిన ఓఆర్ఎస్ పొడి కావాలి. దాని పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి పోయాలి. గ్లాసులో ఇంత పొడి, మిగిలింది మడిచి జేబులో అంటే లెక్క తప్పినట్టే. ప్యాకెట్ లేకపోతే, కాచి చల్లార్చిన లీటరు నీళ్లకు ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు. స్పూన్ మీద వేలితో గీసి సమం చేయాలి; గోపురంలా తీస్తే ఉప్పు రెట్టింపవుతుంది, పసిపిల్లలకైతే అది ప్రాణాంతకం. చక్కెర రుచికోసం కాదు. పేగు గోడ గ్లూకోజ్‌తో జతగా సోడియంను లోపలికి లాగుతుంది, నీళ్లు వాటి వెంట వెళ్తాయి. అలాగని చక్కెర పెంచితే నీళ్లు తిరిగి పేగులోకే వచ్చి విరేచనాలు ఎక్కువవుతాయి. కూల్‌డ్రింక్ పనికిరానిది అందుకే. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి.

దూప అయ్యేదాకా ఆగొద్దు. పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు చాలు, గంటలో లీటరున్నర మించొద్దు. రోజూ ఓఆర్ఎస్ అక్కర్లేదు. పొద్దున ఉప్పేసిన జొన్న అంబలి, మధ్యాహ్నం అన్నంతో సల్ల తీసుకునేవాళ్లకు మామూలు పనికి అవే సరిపోతాయి. గంటలకొద్దీ చెమట కారినప్పుడు, విరేచనాలైనప్పుడు మాత్రం ఓఆర్ఎస్ ఉండాల్సిందే. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటకు అవొక్కటే బదులు కావు. కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు ముందు డాక్టర్‌ను అడగాలి.

మూత్రం ముదురు పసుపైతే నీళ్లు తక్కువైనట్టు. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే నోట్లో ఏమీ పోయొద్దు, పొరబోతుంది. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయాలి.