జర్మనీలో ఏడాది వాలంటీర్‌గా: ఎలా వెళ్లాలి, వెళ్లాక ఎలా నెట్టుకురావాలి

విదేశాల్లో వాలంటీరింగ్ అనగానే మన ఇళ్లలో వచ్చే మొదటి ప్రశ్న "ప్యాకేజీ ఎంత?" అని. జీతం ఉండదు, పాకెట్ మనీ ఇస్తారని చెబితే, "డబ్బుల కోసం దేశాలు పట్టిపోయినవాళ్లను చూశాం గానీ, ఊరికే పనిచేయడానికి విమానం ఎక్కేవాళ్లను నిన్నే చూస్తున్నాం" అంటారు. వాళ్ల అనుమానం తీర్చడానికైనా ఈ పద్ధతి ఏమిటో ముందు మనకు తెలియాలి.

జర్మనీలో ఒకప్పుడు కుర్రాళ్లకు నిర్బంధ సైనిక సేవ ఉండేది. తుపాకీ పట్టనన్నవాళ్లను ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో పనికి పంపేవారు. 2011లో ఆ నిర్బంధాన్ని ఆపేసరికి అన్నాళ్లూ ఆసరాగా ఉన్న ఆ చేతులన్నీ ఒక్కసారిగా లేకుండా పోయాయి. ఆ లోటు పూడ్చడానికి అదే ఏడాది జులైలో ప్రభుత్వం ఒక స్వచ్ఛంద సేవా పథకం తెచ్చింది. దాని పూర్తి పేరు బుండెస్‌ఫ్రైవిల్లిగెన్‌డీన్‌స్ట్. ఒక్క గుక్కలో పలకడం కష్టం కాబట్టి అందరూ బీఎఫ్‌డీ అంటారు. దానికంటే పాతది ఎఫ్‌ఎస్‌జే, అంటే యువత కోసం పెట్టిన ఏడాది సామాజిక సేవా పథకం. 1964 నుంచీ దానికి చట్టం ఉంది, 27 ఏళ్ల లోపువాళ్లకే అవకాశం. బీఎఫ్‌డీకి పై వయసు పరిమితి లేదు. రెండూ మామూలుగా ఏడాదే. ఆర్నెల్లకు తగ్గకుండా, పద్దెనిమిది నెలలకు మించకుండా కుదుర్చుకోవచ్చు. వృద్ధాశ్రమాలు, ఆసుపత్రులు, వికలాంగుల కేంద్రాలు, చిన్నపిల్లల బడుల్లో పని. పర్యావరణం, మ్యూజియంల వైపు కూడా ఉంటాయి గానీ మనలాంటివాళ్లకు ఎక్కువగా దొరికేది వృద్ధాశ్రమాలే.

ఒక మాట ముందే చెప్పాలి. మొదటి మూడు నాలుగు నెలలు సేవ చేసేది మనం కాదు, వాళ్లే మనకు చేస్తారు. భాష రాదు, బస్సు తెలియదు, చెత్త ఏ డబ్బాలో వేయాలో తెలియదు. నేర్పడానికి ఒక మనిషి పని మానుకుని మన వెంట తిరగాలి. ఆ భారాన్ని ఇక్కడి నుంచే ఎంత తగ్గించుకుని వెళితే అంత మంచిది.

ముందు భాష

ఏ1, ఏ2, బీ1 అని మెట్లుంటాయి. కొన్ని సంస్థలు ఏ2తో సరిపెట్టుకుంటాయి గానీ, బీ1 లేకుండా వెళ్లొద్దనే నేను అంటాను. హైదరాబాద్‌లో గోథే సెంట్రుమ్, చెన్నైలో గోథే ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. ఎక్కడ నేర్చుకున్నా సున్నా నుంచి బీ1కి రావడానికి దాదాపు ఏడాది పెట్టుకోండి.

బీ1 సర్టిఫికెట్ చేతికొచ్చినంత మాత్రాన పని అయిపోలేదు. పాఠ్యపుస్తకంలో అమ్మాయి రైల్వే స్టేషన్‌లో నిలబడి చక్కగా, స్పష్టంగా టికెట్ అడుగుతుంది. వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ల బామ్మ కట్టుడు పళ్లు గ్లాసులో ఉంచేసి, బవేరియా యాసలో, అటు తిరిగి పడుకుని ఏదో అడుగుతుంది. ఆవిడకు కావాల్సింది నీళ్లా, దిండా, బాత్రూమా అన్నది అర క్షణంలో తేల్చాలి. అందుకని వ్యాకరణంతో పాటు ఇంటి మాటలు గట్టిగా పట్టుకోండి. చెంచా, దుప్పటి, చెప్పులు, కళ్లజోడు, వినికిడి మెషీన్, చలేస్తోంది, నొప్పిగా ఉంది, కిటికీ మూయి. మీరు వెళ్లే ప్రాంతపు స్థానిక రేడియోను ఆన్‌లైన్‌లో పెట్టుకుని వంట చేసుకుంటూ వినండి. అర్థం కాకపోయినా చెవికి యాస అలవాటవుతుంది.

చోటు వెతుక్కోవడం

కరితాస్, డియాకొనీ, జర్మన్ రెడ్‌క్రాస్, ఆవో లాంటి పెద్ద సేవాసంస్థలే వాలంటీర్లను తీసుకుని, తమ కింది ఆశ్రమాలకు, ఆసుపత్రులకు పంపుతుంటాయి. బీఎఫ్‌డీ ఒప్పందాన్ని ఖాయం చేసేది కొలోన్‌లో ఉన్న ఫెడరల్ కార్యాలయం. ఖాళీలు ఈ సంస్థల వెబ్‌సైట్లలోనే ఉంటాయి. ఎక్కువ బ్యాచ్‌లు ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలవుతాయి కాబట్టి అంతకుముందు చలికాలం నుంచే దరఖాస్తులు పెట్టాలి.

ఇక్కడే ఏజెంట్లు తగులుతారు. "జర్మనీలో ఉద్యోగం, నెలకు ఇంత, తర్వాత పీఆర్ (శాశ్వత నివాస హక్కు) గ్యారంటీ" అని చెప్పి లక్షల్లో అడుగుతారు. ఇది ఉద్యోగం కాదు, పీఆర్ గ్యారంటీ అంతకంటే కాదు. పాకెట్ మనీకి చట్టం పెట్టిన పై హద్దు 2025లో నెలకు 644 యూరోలు. చాలా చోట్ల ఇచ్చేది అంతకంటే బాగా తక్కువ. ఆరోగ్య బీమా, ఇతర సామాజిక బీమాల ఖర్చు సంస్థే భరిస్తుంది. గది, భోజనం కొందరు ఇస్తారు, కొందరు ఇవ్వరు. ఇందులోంచి మిగిల్చి ఇంటికి పంపొచ్చు, ఏజెంటు అప్పు తీర్చొచ్చు అనుకుంటే లెక్క తప్పుతుంది. యూరోను రూపాయల్లోకి మార్చుకుని మురిసిపోవడం కూడా మొదటిసారి కూరగాయల బిల్లు చూసేదాకే.

దరఖాస్తులో ఎందుకు రావాలనుకుంటున్నారో ఒక ఉత్తరం రాయాలి. మనవాళ్లు ఎక్కువగా తేలిపోయేది ఇక్కడే. "చిన్నప్పటి నుంచి మానవసేవ అంటే నాకు ప్రాణం" అని రాస్తారు. చదివే ఆవిడ అలాంటివి పొద్దుట్నుంచీ చదువుతూనే ఉంటుంది. "మా నాయనమ్మకు పక్షవాతం వస్తే కాలేజీ నుంచి వచ్చాక రోజూ అన్నం నేనే తినిపించేదాన్ని, పక్క మార్చేదాన్ని" అని నిజంగా చేసింది రాయండి. ఇందులో పని ఉంది. అలాంటి అనుభవం లేకపోతే లేదనే రాసి, ఇక్కడే ఏదైనా వృద్ధాశ్రమంలో కొన్ని వారాలు చేసి వెళ్లండి. ఆ వాసన, ఆ ఓపిక మీకు పడతాయో లేదో సొంత ఊళ్లో తేల్చుకోవడం చవక.

వీడియో ఇంటర్వ్యూలో వాళ్లు అడిగినవాటికి జవాబు చెప్పి ఊరుకోకండి. గది ఎక్కడ, వంటిల్లు ఉందా, ఎంతమంది పంచుకోవాలి, ఆదివారం ఉదయం షిఫ్టుకి బస్సు ఉందా అని అడగండి. చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ, పల్లెల్లో ఆదివారం బస్సు మొహం కనిపించకపోవచ్చు. షిఫ్టు మాత్రం పొద్దున ఆరుకో ఏడుకో మొదలవుతుంది.

కాగితాలు

ఒప్పందం చేతికొచ్చాకే వీసా. రెండు తెలుగు రాష్ట్రాలకూ చెన్నై కాన్సులేటే దిక్కు. పత్రాల జాబితా, అపాయింట్‌మెంట్ పద్ధతి మారుతుంటాయి కాబట్టి స్నేహితుడి పాత జాబితా కాకుండా కాన్సులేట్ వెబ్‌సైటే చూడండి. వీసా రాకముందు విమానం టికెట్ కొనకండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. అక్కడ ఇంటిపేరు లేనివాడు ఏ ఫారంలోనూ ఇమడడు. ఇంకొకటి, వృద్ధాశ్రమంలో మిమ్మల్ని పిలిచేదీ ఇంటిపేరుతోనే. మన పొడుగాటి ఇంటిపేర్లను ఆ తాతయ్యలు ఎలా విరిచినా చిరునవ్వుతో పలకాలి.

పిల్లల బడిలో గానీ ఆసుపత్రిలో గానీ చేయబోతుంటే తట్టు టీకా రుజువు తప్పనిసరి. 2020 నుంచి చట్టం ఉంది. చిన్నప్పటి టీకాల కార్డు బీరువాలో పట్టుచీరల కింద దొరికితే అదృష్టం. లేకపోతే డాక్టరును అడిగి మళ్లీ వేయించుకుని సర్టిఫికెట్ తీసుకోండి.

సూట్‌కేసు రాజకీయం

అమ్మ ఒక వైపు సర్దుతుంది, విమానం కంపెనీ ఒక వైపు తూకం వేస్తుంది. మధ్యలో యూరోపియన్ యూనియన్ నిబంధన ఒకటుంది. పాల పదార్థాలు, మాంసం బయటి దేశాల నుంచి సామానులో తేకూడదు. అంటే నెయ్యి డబ్బా, పాలకోవా, నాటుకోడి పచ్చడి కూడా ఇంట్లోనే తినేసి బయల్దేరాలి. పచ్చి కరివేపాకుకూ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి కాబట్టి దాన్ని పొడి కొట్టుకుని తీసుకెళ్లండి. ఆవకాయకు అడ్డు లేదు. అడ్డల్లా నూనె. గాజు సీసా వద్దు, గట్టి ప్లాస్టిక్ డబ్బా, మూతకు టేపు, దానిపై రెండు జిప్ కవర్లు, ఆపైన పాత తువ్వాలు.

మిక్సీ నిక్షేపంగా తీసుకెళ్లొచ్చు, కరెంటు అక్కడా 230 వోల్టులే. మన లావు మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్‌లో దూరదు, అడాప్టర్ కావాలి. చలికోటు మాత్రం ఇక్కడ కొనకండి. మన దగ్గర చలికోటు పేరుతో అమ్మేది అక్కడ అక్టోబరుకే చేతులెత్తేస్తుంది. రెడ్‌క్రాస్, కరితాస్ నడిపే పాత బట్టల దుకాణాల్లో మంచివి చవగ్గా దొరుకుతాయి.

దిగిన మొదటి రెండు వారాలు

గదిలో చేరిన రెండు వారాల్లోపు ఊరి కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన ఫారం కావాలి. అంతకంటే ముందు ఇంకో పని, పోస్టు డబ్బా మీద మీ పేరు అతికించండి. ఇక్కడ పోస్ట్‌మ్యాన్‌కు మన తాతగారి పేరు చెబితే చాలు. అక్కడ డబ్బా మీద పేరు లేకపోతే ఉత్తరం తిరిగి వెళ్లిపోతుంది. బ్యాంకు కార్డు, దాని పిన్ను, బీమా కార్డు, పన్ను నంబరు అన్నీ ఉత్తరాల్లోనే, విడివిడిగా వస్తాయి.

ఆ వరుసలోనే ఒకరోజు రేడియో, టీవీ రుసుము నోటీసు వస్తుంది. నెలకు 18.36 యూరోలు. టీవీ లేదని చెబితే లాభం లేదు, ఇల్లుంటే కట్టాల్సిందే. ఫ్లాట్‌కు ఒకరు కడితే చాలు కాబట్టి తోటివాళ్లతో మాట్లాడుకుని పంచుకోండి.

పనిలో

వాలంటీరు చేసేది తోడు పనే. జీతగాళ్ల స్థానంలో వాలంటీరును పెట్టకూడదనేది నియమం. ఇంజెక్షన్లు, మందులు ఇవ్వడం లాంటి నర్సు పని మీది కాదు. పొద్దున్నే గుండ్రటి బన్నులు అడ్డంగా కోసి, వెన్న, జామ్ రాసి, ఎవరి ప్లేటు వాళ్లకివ్వాలి. వినడానికి ఇంతే. కానీ కిటికీ పక్క తాతగారికి బన్ను పైసగమే కావాలి, ఆయన ఎదురుగా ఉన్నావిడకు కిందిసగం. ఇంకొకాయనకు పెంకు తీసేయాలి. మింగడం కష్టమైనవాళ్ల కాఫీలో చిక్కబరిచే పొడి కలపాలి. ఇవన్నీ బుర్రలో పెట్టుకోవడం కష్టం, జేబులో చిన్న నోటు పుస్తకం ఉంచుకుని రాసుకోండి. రెండో వారం అడగకుండానే పైసగం ఇస్తే ఆ తాతగారు మీ ఇంటిపేరును ఆ రోజు కాస్త శ్రద్ధగా పలుకుతారు.

మధ్యాహ్నం ఆటలు. అక్కడ వందేళ్లకు పైగా ఆడుతున్న ఒక బోర్డు ఆట ఉంది. మన పచ్చీసు వంశమే, గవ్వలకు బదులు పాచిక. చంపిన కాయ మళ్లీ మొదటికి వెళుతుంది. ఇందులో జాలి పనికిరాదు. పెద్దావిడ కదా అని కాయ చంపకుండా వదిలేస్తే ఆవిడకు కోపం వస్తుంది. ఆవిడ మాత్రం మీరు కాఫీ తెచ్చేలోగా తన కాయను రెండు గళ్లు ముందుకు జరిపేసి కిటికీలోంచి బయటికి చూస్తుంటుంది. పట్టుకుని గొడవపడండి. ఏ1 నుంచి బీ1 దాకా ఏ క్లాసులోనూ రాని ధారాళత ఆ గొడవలో వస్తుంది.

27 ఏళ్ల లోపువాళ్లకు ఏడాదికి కనీసం 25 రోజులు సెమినార్లు ఉంటాయి. తోటి వాలంటీర్లందరినీ ఒకచోట చేర్చుతారు. సెలవు అనుకుని ఎగ్గొట్టొద్దు, హాజరు తప్పనిసరి. పైగా ఇంటి మీద బెంగ చెప్పుకోవడానికి సాటివాళ్లు దొరికేది అక్కడే.

ఇరుగు పొరుగు

ఆదివారం దుకాణాలుండవు. శనివారం సాయంత్రం పాలు, కూరలు తెచ్చుకోకపోతే సోమవారం దాకా ఆవకాయే గతి. ఆదివారం గోడకు మేకు కొట్టకూడదు, రాత్రి పది దాటాక మిక్సీ వేయకూడదు. గదుల్లో పొగ అలారాలుంటాయి. ఎండుమిర్చి తాలింపు పెట్టేముందు వంటింటి తలుపు మూసి, కిటికీ బార్లా తెరవండి. మైనస్ డిగ్రీల్లోనైనా సరే. కిటికీ తెరవడం అక్కడివాళ్లకు ఎలాగూ ఇష్టమే, గాలి మారాలంటూ చలికాలంలోనూ రోజూ తెరుస్తారు.

చెత్త సంగతి కొంచెం చదువుకోవాలి. పసుపు డబ్బాలో ప్యాకింగ్, నీలం డబ్బాలో కాగితం, గోధుమ రంగులో కూరగాయల తొక్కలు, నల్లదాంట్లో మిగతావి. ఊరిని బట్టి రంగులు కాస్త మారొచ్చు. గాజు సీసాలు వీధి చివరి పెద్ద డబ్బాల్లో రంగు చూసి వేయాలి, నీలం సీసా వస్తే పచ్చదాంట్లో. అదీ ఆదివారం కాకుండా, ఎందుకంటే చప్పుడవుతుంది. నీళ్ల ప్లాస్టిక్ సీసాలు, కూల్‌డ్రింక్ డబ్బాలు మాత్రం పారేయకండి. ఒక్కోదానికి 25 సెంట్లు ముందే కట్టించుకుంటారు, సూపర్ మార్కెట్ మెషీన్‌లో వేస్తే తిరిగొస్తాయి. నెలాఖరులో సీసాల సంచి మోసుకెళ్లి రసీదుతో బియ్యం కొనుక్కునే వాలంటీర్లు చాలామంది.

ఏడాది ముగిసేటప్పుడు

నర్సింగ్ శిక్షణలో చేరదామనుకుంటే, అది మూడేళ్లు, సగం ఏడాది గడిచేలోపే మీ ఆశ్రమంవాళ్లతో మాట్లాడండి. ఉండాలా రావాలా అన్నది చివరి నెలలో తేల్చుకుందామంటే వీసా కాగితాలు ఆగవు. వచ్చేసేవాళ్లు సేవా ధ్రువపత్రం అడిగి తీసుకోవాలి. హాజరు మాత్రమే కాకుండా ఏ పని ఎలా చేశారో వివరంగా రాసిమ్మని అడగండి. చిరునామా నమోదు రద్దు చేయించుకుని ఆ కాగితం దాచండి. రేడియో రుసుము, ఫోన్ కాంట్రాక్టు ఆపాలన్నా అదే చూపించాలి. ఫోన్ కాంట్రాక్టుకు ముందస్తు నోటీసు గడువు ఉంటుంది కాబట్టి చివరి వారం దాకా ఆగకుండా రాతపూర్వకంగా పంపి, రద్దు అయినట్టు జవాబు వచ్చాకే బ్యాంకు ఖాతా మూయండి.