"ఓటు వేయలేదు కదా" అంటే సరిపోదు: స్థానిక సంస్థల్లో స్వప్రయోజనాల చిక్కులు, పరిష్కారాలు

కౌన్సిల్ సభ్యుడికి సొంత భూమి, వ్యాపారం, కాంట్రాక్టు పనులు చేసే బావమరిది ఉండటం తప్పు కాదు. అక్కడ బతికేవాళ్లే అక్కడ గెలుస్తారు మరి. తన లాభనష్టాలు ముడిపడిన విషయంలో తానే నిర్ణయం తీసుకోవడం, ఆ ముడి ఉన్న సంగతి దాచడం, ఈ రెండూ తప్పు. అందుకే కింది లక్షణాల్లో ఒకటి కనబడగానే ఎవరినీ దొంగ అనేయకండి. ముందు పద్ధతిలో సందు ఎక్కడుందో చూడండి.

లక్షణం: సభ్యుడు ఓటింగ్‌లో పాల్గొనలేదు. అయినా పని ఆయన మనిషికే వచ్చింది.

కారణం: ఓటు చివరి మెట్టు. అప్పటికే ఎస్టిమేట్ తయారై ఉంటుంది, టెండర్ షరతులు ఎవరో రాసి ఉంటారు, కమిటీలో చర్చ ముగిసి ఉంటుంది, ఇంజనీరుకు ఒకటి రెండు ఫోన్లు వెళ్లి ఉంటాయి. చెయ్యి ఎత్తే రోజున మౌనంగా కూర్చున్నంత మాత్రాన అంతకు ముందు జరిగింది చెరిగిపోదు. పైగా ఆయన ఎదురుగా కూర్చుని చూస్తుంటే తోటి సభ్యులు మనసులో మాట చెబుతారా?

పరిష్కారం: ఫైలు మొదలైన రోజే సభ్యుడు తన సంబంధాన్ని రాతపూర్వకంగా చెప్పాలి. ఆ తర్వాత ఆ విషయానికి సంబంధించిన కాగితాలు ఆయనకు పంపకూడదు, సిబ్బంది ఆయనతో దాని గురించి మాట్లాడకూడదు. సభలో ఆ అంశం వచ్చినప్పుడు సంబంధం ఏమిటో పైకి చెప్పి, గది బయటికి వెళ్లాలి. ఎప్పుడు వెళ్లారో, ఎప్పుడు తిరిగొచ్చారో సభ రికార్డు అయిన మినిట్స్‌లో రాయాలి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో కౌన్సిల్ సభ్యులకు గది వదిలి వెళ్లడం చట్టం పెట్టిన నియమమే. కాంట్రాక్టుల విషయంలో అక్కడ ఇంకా కఠినం. సభ్యుడికి ఆర్థిక ప్రయోజనం ఉంటే, చట్టం చెప్పిన కొన్ని మినహాయింపులు తప్ప, ఆయన తప్పుకున్నా సరే కౌన్సిల్ ఆ కాంట్రాక్టు చేసుకోకూడదు. చేసుకుంటే చెల్లదు. నా దృష్టిలో ఇదే సరైన పద్ధతి. కొన్ని విషయాల్లో పక్కకు తప్పుకోవడం కూడా చాలదు.

లక్షణం: సభ్యుల ఆస్తులు, ప్రయోజనాలు రాసే రిజిస్టర్‌లో ఏళ్ల తరబడి అందరి పేర్ల ముందూ "ఏమీ లేవు" అనే ఉంది.

కారణం: ఫారం అడిగేది "మీ పేరు మీద ఏముంది" అని మాత్రమే. ఆస్తి భార్య పేరు మీద, కంపెనీ కొడుకు పేరు మీద ఉంటే "ఏమీ లేవు" అని రాయడం అబద్ధం కూడా కాదు. రెండో కారణం, గెలిచిన కొత్తలో నింపిన కాగితాన్ని మళ్లీ ఎవరూ తెరవరు.

పరిష్కారం: ప్రశ్న మార్చండి. జీవిత భాగస్వామి, పిల్లలు, తల్లిదండ్రుల ప్రయోజనాలు కూడా అడగండి. కెనడాలోని ఒంటారియో చట్టం వీళ్ల ప్రయోజనం సభ్యుడికి తెలిసినదైతే దాన్ని ఆయనదిగానే లెక్కిస్తుంది. ఇంగ్లండ్‌లో 2011 నాటి చట్టం ప్రకారం పదవిలోకి వచ్చిన 28 రోజుల్లోపు వివరాలు ఇవ్వాలి. సరైన కారణం లేకుండా దాచితే అది క్రిమినల్ నేరం. కోర్టు 5 ఏళ్ల వరకు అనర్హత వేటు వేయగలదు.

ఫారంలో కన్సల్టెన్సీ ఫీజుల గడి మాత్రం మరిచిపోవద్దు. 1970లలో బ్రిటన్‌ను కుదిపేసిన పౌల్సన్ కుంభకోణంలో ఒక ఆర్కిటెక్టుకు కౌన్సిళ్ల పనులు తెచ్చిపెట్టిన మార్గాల్లో ఇదొకటి. కౌన్సిలర్లకు సలహాదారులనే పేరుతో డబ్బు ముట్టేది. లంచానికి కవరే కావాలా ఏమిటి, ఇన్‌వాయిస్ చాలు. అక్కడ కౌన్సిలర్లకు జాతీయ స్థాయి ప్రవర్తనా నియమావళి వచ్చింది ఆ తర్వాతే, 1975లో.

బినామీని ఏ ఫారమూ పట్టుకోలేదు. దానికి రిజిస్టర్‌ను ట్రేడ్ లైసెన్సుల జాబితాతో, ఆస్తి పన్ను జాబితాతో, బిల్లులు అందుకున్నవాళ్ల జాబితాతో పక్కపక్కన పెట్టి చూడాల్సిందే.

లక్షణం: ప్రతిసారీ ఒకే ఒక్క టెండర్ వస్తోంది. లేదా పనులన్నీ టెండర్ పరిమితికి, అంటే ఏ మొత్తం దాటితే టెండర్ పిలవాలో దానికి, కొంచెం కిందే ఆగుతున్నాయి.

కారణం: మొదటిదానికి, ఒకరి కొలతలకే కుట్టిన షరతులు. రెండోదానికి, పెద్ద పనిని ముక్కలు చేయడం.

పరిష్కారం: ప్రతి అర్హత షరతు పక్కన అది ఎందుకో, ఎవరు పెట్టారో రాయించండి. ఆ షరతు తీసేస్తే ఇంకెంతమంది పోటీకి రాగలరో అడగండి. ముక్కల సంగతి తేలాలంటే ఏడాదిలో మంజూరైన చిన్న పనులన్నీ ఒకే కాగితం మీద వేయండి: తేదీ, వీధి, మొత్తం, కాంట్రాక్టర్. ఒకే వీధి, ఒకే వారం, ఒకే పేరు కనిపిస్తే ఇక వాదన అక్కర్లేదు.

లక్షణం: కాంట్రాక్టు లేదు, బిల్లు లేదు. కానీ కొత్త రోడ్డు సభ్యుడి స్థలం పక్కనుంచే వెళ్తోంది.

కారణం: ఇక్కడ లాభం డబ్బు రూపంలో కాక భూమి విలువలో వస్తుంది. జోన్ మార్పులు, లేఅవుట్ అనుమతులు కూడా ఇదే కోవలోకి వస్తాయి.

పరిష్కారం: ప్లాన్ చర్చకు రాకముందే సభ్యుల ఆస్తులను మ్యాప్ మీద గుర్తించడం. కాలిఫోర్నియా నిబంధనల్లో నిర్ణయం ప్రభావితం చేసే స్థలానికి 500 అడుగుల లోపు సభ్యుడి ఆస్తి ఉంటే, కాదని స్పష్టమైన ఆధారం చూపితే తప్ప, ప్రయోజనం ఉన్నట్టే లెక్క. అలాగని అతిగా కూడా పోవద్దు. అందరికీ ఒకేలా పడే నీటి పన్ను సభ్యుడికీ పడుతుంది. దానికి ఎవరూ తప్పుకోనక్కర్లేదు.

లక్షణం: అందరికీ ఏదో ఒక సంబంధం ఉంది, తప్పుకుంటే కోరం (సభ జరగడానికి కావాల్సిన కనీస హాజరు) పడిపోతోంది.

చిన్న సంస్థల్లో మామూలే. ముందే రాతపూర్వక మినహాయింపు తీసుకుని, కారణం బయటపెట్టి చర్చించాలి. ఇంగ్లండ్ చట్టంలో దీనికి దారి ఉంది, గరిష్ఠంగా 4 ఏళ్లకు. సభ మధ్యలో మాత్రం నోటి మాటగా ఇచ్చుకోకూడదు.

లక్షణం: సిబ్బందికి అంతా తెలుసు, ఎవరూ నోరు విప్పరు.

కారణం: చెప్పాలంటే ఒకరి పేరు పట్టుకుని చెప్పాలి. ఆ టెన్షన్ ఏ గుమాస్తాకు కావాలి? పరిష్కారం తేలికే. ప్రతి సమావేశంలో ఎజెండాలో మొదటి అంశంగా "నేటి విషయాల్లో ఎవరికైనా సొంత ప్రయోజనం ఉందా?" అనే ప్రశ్న పెట్టండి. అప్పుడది ఎవరి మీదా నింద కాదు, రోజువారీ తంతు. అనుమానం ఉన్న సభ్యుడు ముందే లిఖితపూర్వక న్యాయ సలహా తీసుకోవచ్చు. అయితే సంస్థ లాయరు సంస్థకు లాయరు, ఆ సభ్యుడికి కాదు.

బయటి నుంచి పట్టుకోవాలనుకునే పౌరులకు

అడగాల్సినవి: టెండర్ ప్రకటన, వచ్చిన ధరల పట్టిక, మినిట్స్, వర్క్ ఆర్డర్, బిల్లులు. భారత్‌లో అయితే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే సాధారణంగా 30 రోజుల్లో జవాబు రావాలి. వచ్చిన కాగితాలను తేదీల వరసలో పెట్టుకోండి. ప్రకటన కంటే ముందు తేదీతో కొటేషన్ కనబడిందంటే అసలు కథ అక్కడుంది. ఫిర్యాదులో "అవినీతిపరుడు" లాంటి మాటలు వద్దు. ఫలానా తేదీ, ఫలానా అంశం, సభ్యుడికి ఫలానా సంబంధం, మినిట్స్‌లో ఆ ప్రస్తావన లేదు అని రాసి, కాపీలు జత చేయండి. విచారణ అధికారి వాటిని పక్కన పెట్టడం కష్టం.