క్రిమినల్ లా సొంతంగా నేర్చుకుందాం – 7వ పాఠం: మెట్లు లేని ఇల్లు

పోయిన పాఠంలో ఆత్మరక్షణ హక్కు చూశాం. ఇవాళ దాన్ని ఒక కష్టమైన కేసుకు పెట్టి చూద్దాం.

పరకాల దగ్గర ఒక పల్లె అనుకోండి. పన్నెండేళ్ల కాపురం. మొగుడు తాగొచ్చి కొడతాడు, మర్నాడు మిర్చి బజ్జీలు తెచ్చి బతిమాలుతాడు. రెండుసార్లు పంచాయితీ అయింది, "సర్దుకపో బిడ్డా" అని పంపేశారు. ఆ రాత్రి "తెల్లారెదాక నిన్ను బతకనియ్య" అని పడుకున్నాడు. ఆమె రోకలి ఎత్తింది. అతను చనిపోయాడు, ఆమె మీద హత్య కేసు. మనం ఆమె తరఫున వాదించాలి.

"నిద్రపోయేవాడితో భయమేంటి? తలుపు తీసుకుని పోవచ్చుగా?" ప్రాసిక్యూటర్ పట్టుకునేది ఇదే.

భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 40వ సెక్షన్ తీయండి. దెబ్బ పడేదాకా ఆగనక్కర్లేదు, బెదిరింపు వల్ల సహేతుకమైన భయం పుట్టగానే హక్కు మొదలవుతుంది. ఎవరి లెక్కలో సహేతుకం? ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న ఆడమనిషి మనస్థితిని వివరించే బ్యాటర్డ్ ఉమన్ సిండ్రోమ్ పనికొచ్చేది ఇక్కడే. టెన్షన్ పెరగడం, కొట్టడం, బతిమాలడం, మళ్లీ మొదటికి. ఈ చక్రాన్ని 1979లో అమెరికా సైకాలజిస్ట్ లెనోర్ వాకర్ వివరించింది. ఈ సిండ్రోమ్ అనే మాట నాకు నచ్చదు, రోగం ఆమెకే ఉన్నట్టుంటుంది. 1990 లావలీ కేసులో, తనను కొట్టే మనిషి గదిలోంచి వెళ్లిపోతుంటే ఆమె వెనకనుంచి కాల్చినా, ఈ సిండ్రోమ్ మీద నిపుణుడి సాక్ష్యాన్ని కెనడా సుప్రీంకోర్టు ఒప్పుకుంది.

మన చట్టంలో దీనికి వేరే మినహాయింపు లేదు. 2013లో, భర్తను చంపిన మంజు లక్రా కేసులో గౌహతి హైకోర్టు ఈ వాదనను పట్టించుకుని హత్యానేరాన్ని తగ్గించింది, నిర్దోషి అనలేదు. మన ఉదాహరణలో కూడా పూర్తి విడుదల కష్టమే. నేరం తగ్గించమని అడగడమే దగ్గరి దారి.

ఆత్మరక్షణే అని చూపించే రుజువు భారం ఆమెదే, సాక్ష్య అధినియం (కోర్టులో సాక్ష్యాల చట్టం) 108వ సెక్షన్. కాకపోతే ప్రాసిక్యూషన్‌లా అనుమానానికి తావు లేకుండా నిరూపించక్కర్లేదు, నమ్మదగ్గదిగా ఉంటే చాలు.

ఆ రుజువులు పోగేయడానికి నోట్‌బుక్‌లో మూడు గడులు గీయండి: తేదీ, జరిగింది, చూసినవాళ్లు లేదా కాగితం. మొదటి వరుసలో, పాత దెబ్బలకు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో రాసిచ్చిన ఓపీ చీటీ పెడదాం. దాని మీద "మెట్ల మీద జారి పడింది" అని ఉంది, ఆమె చెప్పిందే డాక్టర్ రాశాడు. పైకి చూస్తే మనకు నష్టమే. కానీ ఆమెది ఒక్క మెట్టూ లేని పెంకుటిల్లు! వాడకట్టు సాక్షి బోనులోకి రాగానే అడగాల్సింది ఇదే: "వాళ్లింటికి మెట్లెన్ని?"

ఆఖరి వరుసలో, ఆ రాత్రి బెదిరింపుకు ఎదురుగా మూడో గడి ఖాళీగా ఉంది. గోడ అవతల అత్త పడుకుని ఉంది. ఆమెను ఎవరు పిలవాలి, ఏం అడగాలి? వచ్చే పాఠంలోపు రాసిపెట్టుకోండి.