జీపీఎస్ వాచీ నేర్చుకుందాం, 4వ పాఠం: నిలబడితే తిరిగే బాణం

ఈసారి పాఠం ట్రాక్ (ముందే నడిచిన దారి జాడ) పట్టుకుని నడవడం గురించి. కానీ ముందు మూడో పాఠం బాకీ తీర్చాలి. ఒకే చుట్టును రెండుసార్లు నడిచి, రెండు గీతల్నీ పక్కపక్కన పెట్టి చూడమన్నాను గదా. వచ్చిన జవాబులు చూస్తే చాలామందికి చుట్టు చుట్టులా రాలేదు. ఒకరికి అదే చుట్టు మొదటిసారి 2.04 కిలోమీటర్లు, రెండోసారి 1.71. ఇంకొకరి గీత చెరువు మధ్యలోంచి పోయింది. "నేను ఈదలేదండీ" అని కింద రాశారు కూడా.

ఇందులో ఒక తప్పు నాది. బ్యాటరీ ఎక్కువసేపు రావాలంటే పొదుపు మోడ్ పెట్టుకోండని రెండో పాఠంలో ఒక్క ముక్క రాసి వదిలేశాను. అది రోజంతా నడిచేవాళ్ల కోసం చెప్పిన మాట అని రాయలేదు. మీరు దాన్ని పెట్టేసి, తియ్యడం మర్చిపోయి, మూడో పాఠం అభ్యాసం కూడా అందులోనే చేశారు. ఆ మోడ్‌లో కొన్ని వాచీలు నిమిషానికో చుక్క పెడతాయి, అంతే. గంటకు 5 కిలోమీటర్ల నడకలో మనం నిమిషానికి 83 మీటర్లు పోతాం. ఆ 83 మీటర్లలో మీరు ఎన్ని వంపులు తిరిగినా వాచీ లెక్కలోకి రావు. చుక్కకీ చుక్కకీ మధ్య తాడు బిగించి కట్టినట్టు తిన్నటి గీత గీసేస్తుంది. గట్టు వంపు తిరిగిన చోట ఆ తాడు నీళ్లమీదుగానే పోతుంది మరి. 1.71 కథా అదే. సెకనుకో చుక్క పెట్టే మోడ్‌కి మార్చండి. మలుపు తిరిగినప్పుడో వేగం మారినప్పుడో మాత్రమే చుక్క పెట్టే "స్మార్ట్" రికార్డింగ్ అని ఇంకోటి ఉంటుంది. ఫైలు చిన్నదవడం తప్ప దానివల్ల నాకు ఒరిగిందేమీ లేదు. నేను వాడను.

రెండో తప్పు మీది. తలుపు తీసుకుని బయటికొచ్చీ రాగానే స్టార్ట్ నొక్కారు. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. ఒక్కోటీ తన కక్ష్య వివరాన్ని 30 సెకన్లకోసారి మళ్లీ మళ్లీ వల్లిస్తూ ఉంటుంది. వాచీకి కనీసం నాలుగింటి వల్లింపు పూర్తిగా వినపడితేగానీ మీరెక్కడున్నారో తేల్చుకోలేదు. మధ్యలో మీరు గోడపక్కకి జరిగితే వినికిడి తెగిపోయి, మళ్లీ మొదటికొస్తుంది. వాచీని ఫోనుతో తరచూ కలుపుతుంటే ఆ వివరాలు ముందే ఇంటర్నెట్ నుంచి దిగి ఉంటాయి కాబట్టి కొన్ని సెకన్లలో పని అయిపోతుంది. చాన్నాళ్లు కలపకుండా వదిలేస్తే మళ్లీ నిలబడి చూడాల్సిందే. సిగ్నల్ దొరికిందని వాచీ చెప్పాక కూడా నేను ఇంకో నిమిషం ఆగుతాను. బూట్ల తాళ్లు కట్టుకునేది అప్పుడే.

ఎత్తైన గోడల మధ్య నడిచినవాళ్ల గీత గోడల్లోంచి పోవడానికి కారణం ఈ రెండూ కాదు. సంకేతం నానోసెకనుకు 30 సెంటీమీటర్ల చొప్పున వస్తుంది. గోడకి కొట్టుకుని తిరిగొచ్చేసరికి 100 నానోసెకన్లు ఆలస్యమైందనుకోండి, ఆ ఉపగ్రహం ఉన్నదానికన్నా 30 మీటర్లు దూరంగా ఉన్నట్టు వాచీ లెక్కేసుకుంటుంది. ఎల్1, ఎల్5 అనే రెండు ఫ్రీక్వెన్సీలనూ వినే వాచీలు ఈ మోసాన్ని చాలావరకు పసిగడతాయి. మీ దాంట్లో ఆ సెట్టింగ్ ఉంటే వేసెయ్యండి. బ్యాటరీ తొందరగా దిగుతుంది, దిగనివ్వండి.

బాకీ తీరింది. ఇక ట్రాక్.

దారి చుక్కల్ని దాచిపెట్టే జీపీఎక్స్ ఫైలును వాచీలోకి ఎక్కించడం నేను చెప్పను, ఫోను యాప్‌లో "పంపు" నొక్కడమే. ఎక్కించే ముందు మాత్రం ఆ ఫైలును పెద్ద తెరమీద మ్యాప్‌లో తెరిచి చూడండి. ఫైలులో ట్రాక్ ఉండొచ్చు, రూట్ ఉండొచ్చు. ట్రాక్ అంటే ఎవరో నిజంగా నడిచిన జాడ, వందలూ వేలూ చుక్కలు. రూట్ అంటే మలుపు దగ్గరొకటి, మలుపు దగ్గరొకటి పెట్టిన గుర్తులు. మధ్యలో దారి ఎలా పోతుందన్నది అందులో ఉండదు. గీత కొండవాలు మీద స్కేలు పెట్టి గీసినట్టు కనపడితే అది రూటే. దాన్ని పట్టుకుని అడవిలోకి పోకండి.

ఇప్పుడు నన్ను ఏళ్లుగా విసిగిస్తున్న సంగతికి వద్దాం.

దారి రెండుగా చీలింది. మీరు ఆగారు. మణికట్టు ఎత్తి చూశారు. ట్రాక్ ఎటుందో చెప్పే బాణం ఎడమకి చూపిస్తోంది. సరే ఎడమకే అనుకుని తల ఎత్తి, అనుమానమొచ్చి మళ్లీ దించేసరికి బాణం మెల్లగా తిరిగి కుడికొచ్చి కూచుంది. ఇంకో రెండు సెకన్లాగితే మీరొచ్చిన దారినే చూపిస్తోంది. అప్పుడు ఎవరైనా చేసే పని, వాచీని తిట్టి తనకి నచ్చిన దారిలో పోవడం. నచ్చిన దారి ఎప్పుడూ వెడల్పుగా, దిగుడుగా ఉన్నదే అవుతుంది.

జీపీఎస్‌కి మీ ముఖం ఎటుందో తెలియదు. ఈ వాక్యం ఇంకోసారి చదవండి. దానికి తెలిసింది మీరెక్కడున్నారన్నది, మీరు కదులుతుంటే ఎటు కదులుతున్నారన్నది. మీరు నిలబడిపోయినా అది చూపే స్థానం మాత్రం నిలబడదు. ఒక సెకను మూడు మీటర్లు ఉత్తరానికి, ఇంకో సెకను నాలుగు మీటర్లు పడమరకి, అలా అక్కడక్కడే దేవులాడుతుంటుంది. ఆ దేవులాటనే నడక అనుకుని వాచీ బాణాన్ని తిప్పుతుంది. మీరు ఉత్తరానికి తిరిగి నిలబడ్డా, దక్షిణానికి తిరిగి నిలబడ్డా, ఒంటికాలి మీద నిలబడ్డా దానికి ఒకటే.

"మరి వాచీలో కంపాస్ ఉంది కదా" అంటారు. చాలావాటిలో ఉంది. మీరు ఆగిపోతే జీపీఎస్‌ని వదిలేసి దాన్ని చూసుకునే వాచీలూ ఉన్నాయి. అయితే ఆ కంపాస్‌కి అప్పుడప్పుడూ క్యాలిబ్రేషన్ కావాలి. మణికట్టును గాలిలో ఎనిమిది అంకెలా తిప్పమంటుంది చూడండి, అదే. వాచీ ముఖం ఆకాశం వైపు సమంగా ఉంటే మంచిది. దగ్గర్లో ఇనుముగానీ అయస్కాంతంగానీ ఉండకూడదు. బండి బానెట్ మీద చెయ్యి ఆనించి దిక్కు చూసేవాళ్లని చూశాను. నా సంగతి ఇంకా అన్యాయం. ఒకసారి ప్రతి చీలిక దగ్గరా వాచీ చూడ్డం, సరిపోల్చుకుందామని అదే చేతిలోకి ఫోను తీసుకోవడం, మళ్లీ వాచీ చూడ్డం. ప్రతిసారీ బాణం ఒకే పక్కకి లాగుతోంది. ముప్పావుగంట తప్పుదారిలో నడిచాక తట్టింది, నా ఫోను కవరు మూతపడ్డానికి అయస్కాంతం ఉంది. వాచీ పాపం నా అరచేతినే ఉత్తరం అనుకుంది.

అందుకని నా పద్ధతి ఇది: చీలిక దగ్గర ఆగి బాణం చూడను. ఏదో ఒక దారి పట్టుకుని నలభై అంగలు నడుస్తాను. నడుస్తూనే చూస్తాను, అదీ బాణాన్ని కాదు. గీతకీ నా చుక్కకీ మధ్య ఎడం పెరుగుతోందా లేదా అన్నదొక్కటే.

నలభయ్యే ఎందుకంటే, నా అంగ ముప్పావు మీటరు, నలభై అంగలు 30 మీటర్లు. రెండు దారులు 20 డిగ్రీల కోణంలో విడిపోతే 30 మీటర్లకి వాటి మధ్య ఎడం పది మీటర్లు దాటుతుంది. చెట్లు పెద్దగా లేని చోట వాచీ పొరపాటు అయిదు మీటర్లనుకుంటే, పది మీటర్ల ఎడం కంటికి కనపడుతుంది. కోణం 10 డిగ్రీలే అయితే 30 మీటర్లకి ఎడం అయిదు మీటర్లే, అంటే పొరపాటూ ఎడమూ సమానం, వాచీ ఏం చెప్పినా సోది చెప్పినట్టే. అప్పుడు ఎనభై అంగలు పోవాలి. దారులు అడ్డంగా, లంబకోణంలో చీలితే పది మీటర్లకే తేలిపోతుంది. చిక్కంతా ఆ సన్నకోణం చీలికలతోనే. పక్కపక్కనే, స్నేహితుల్లా కాసేపు కలిసి నడిచి, ఒకటి మెల్లగా లోయలోకి జారుకుంటుంది.

జూమ్ కూడా చూసుకోండి. తెరమీద అర కిలోమీటరు కనపడేలా పెట్టుకుంటే పది మీటర్ల ఎడం మీ చుక్క కిందే దాక్కుంటుంది.

దారి తప్పితే వాచీ గిలగిల కొట్టుకుని చెప్తుంది కదా అని దానిమీద భారం వెయ్యకండి. చిన్నచిన్న తేడాలకల్లా మోగితే మీరే విసుక్కుని ఆపేస్తారు కాబట్టి, కొన్ని పదుల మీటర్లు పక్కకి పోయాకగానీ అది నోరు విప్పదు. పాము మెలికల కొండదారిలో ఇంకో తిరకాసు ఉంది. పై మెలికా కింది మెలికా పదిహేను మీటర్ల దూరంలోనే ఉంటాయి. మీరు కింద నడుస్తుంటే వాచీ మిమ్మల్ని పై మెలికలో పడేసి, "మిగిలిన దూరం" ఒక్కసారిగా మూడు నాలుగువందల మీటర్లు తగ్గించేస్తుంది. సంతోషించకండి. కాసేపటికి మళ్లీ పెంచుతుంది. పోయిన దారినే తిరిగొచ్చే ట్రాక్‌లో కూడా ఇదే తంతు. పోయే గీతా వచ్చే గీతా ఒకదానిమీదొకటి పడి, మధ్యదారిలోనే వెనక్కి తిరగమంటుంది. అలాంటివాటిని నేను రెండు ఫైళ్లుగా కోసి పెట్టుకుంటాను.

"మొదలుపెట్టిన చోటికి" అనే మెనూ గురించి ఒక్కమాట. అందులో రెండు రకాలుంటాయి: వచ్చిన జాడనే వెనక్కి పట్టుకుపోయేది, నేరుగా బాణం వేసేది. రెండోది కాకి పోయే దారి. మధ్యలో వాగున్నా లోయున్నా కాకికి లెక్కలేదు. మొదటిదే ఎంచుకోండి.

శిక్షణ సంగతి కూడా రాస్తానన్నాను, క్లుప్తంగా చెప్తాను. పై గోలంతా అర్థమైతే పరుగు పేస్ (కిలోమీటరుకు పట్టే నిమిషాలు) ఎందుకు గంతులేస్తుందో కూడా అర్థమైపోయినట్టే. కిలోమీటరుకు 6 నిమిషాల పేస్ అంటే సెకనుకు 2.78 మీటర్లు. చుక్క ఒక్క మీటరు అటూ ఇటూ అయినా ఆ సెకను లెక్క గల్లంతే. అది కనపడకుండా వాచీ కొన్ని సెకన్ల సగటు తీసి చూపిస్తుంది, దాంతో మీరు వేగం పెంచిన సంగతి దానికి ఆలస్యంగా తెలుస్తుంది. 200 మీటర్ల వేగపు పరుగులో వాచీ మేలుకునేసరికి మీ పరుగు అయిపోవస్తుంది. కాబట్టి తెరమీద క్షణం పేస్ తీసేసి ల్యాప్ పేస్ (ఆ చుట్టు మొత్తం మీద సగటు) పెట్టుకోండి. స్టేడియం ట్రాక్ మీదైతే, దూరాన్ని బట్టి చుట్టును వాచీయే లెక్కేసుకునే ఆటో ల్యాప్ ఆపేసి గీత దాటిన ప్రతిసారీ మీరే బటన్ నొక్కండి. లోపలి లేన్‌లో చుట్టు 400 మీటర్లు, అది కొలిచి కట్టింది, వాచీ 410 అంటే తప్పు వాచీదే. రెండో లేన్‌లోకి జరిగితే మాత్రం చుట్టు 407 మీటర్లు, అక్కడ తిట్టాల్సింది మిమ్మల్ని మీరే. మారథాన్‌లో 42.195 దగ్గర వాచీ ముందే మోగి, ముగింపు గీత ఇంకా కనపడకపోయినా అంతే. కోర్సును మలుపుల లోపలి అంచు వెంట, అతి తక్కువ దూరం వచ్చేలా కొలుస్తారు. మీరు గుంపులో పక్కలకి జరుగుతూ పరిగెడతారు.

అభ్యాసం. ఈసారి కాస్త ఒళ్లు వంచాలి.

ముందు ఆకాశం బాగా కనపడే చోట రికార్డింగ్ పెట్టి, ఆటో పాజ్ (మీరు ఆగితే రికార్డింగ్ కూడా ఆగిపోయే సెట్టింగ్) ఆపేసి, పది నిమిషాలు కదలకుండా నిలబడండి. మీరు ఎన్ని మీటర్లు "నడిచారో" రాసుకోండి. గీతను పెద్దది చేసి చూడండి, చిక్కుపడ్డ దారపు ఉండలా ఉంటుంది. బాణాన్ని తిప్పింది ఆ ఉండే.

తర్వాత, మీకు కళ్లు మూసుకున్నా తెలిసిన దారినే, కనీసం మూడు చీలికలున్నదాన్ని, ఒకసారి నడిచి ట్రాక్ చేసుకోండి. మర్నాడు దాన్ని వాచీలో తెరిచి, ప్రతి చీలిక దగ్గరా కావాలనే తప్పుదారి పట్టండి. అంగలు లెక్కపెడుతూ పోండి. ఎడం మీ కంటికి తెలిసింది ఎన్నో అంగ దగ్గర, వాచీ మొత్తుకున్నది ఎన్నో అంగ దగ్గర, రెండూ రాయండి. వెనక్కొచ్చి తర్వాతి చీలికకి పోండి. పరిగెత్తొద్దు, ఫోను చూడొద్దు. ఇదంతా ఇంకో రోజు, వీలైతే చెట్లు దట్టంగా ఉన్న చోట, మళ్లీ చెయ్యండి. మొత్తం పన్నెండు అంకెలొస్తాయి. పన్నెండూ పంపండి, పక్కన రికార్డింగ్ మోడ్ ఏదో రాసి మరీ. పొదుపు మోడ్‌లో చేసినవి నేను చూడను.

అయిదో పాఠం ఎత్తు గురించి. వాన పడే ముందు మీ వాచీ మిమ్మల్ని ఉన్నచోటనే కొండెక్కిస్తుంది, ఎందుకో అప్పుడు చూద్దాం.